శ్రుతి తప్పించిన పియానో

పియానోలు శ్రుతి చేసే ఆయనను కచేరీ హాల్లో అందరూ మాస్టారనే పిలుస్తారు. ఏటా పది రోజులు అక్కడ ప్రయోగాత్మక సంగీతోత్సవం జరుగుతుంది. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో వస్తారు. ఒకరు వయొలిన్‌ని సీసామూతతో గీకుతారు, ఇంకొకరు మైకు ముందు కాగితాలు చింపుతారు. మాస్టారికి అవేవీ తలకెక్కేవి కావు. "ఇదేం కచేరీ అండీ, లారీలోంచి బీరువాలు దించుతున్నట్టుంది" అని భార్య నవ్వేది. నవ్వుతూనే, ఒక్క ఏడూ మానకుండా చివరి వరసలో ఆయన పక్కన కూర్చునేది. ఆమె పోయి రెండేళ్లయింది. అప్పటినుంచి మాస్టారు పని ముగించుకుని, జనం వచ్చేలోపే ఇంటిదారి పడుతున్నారు.

ఈసారి పరాయిదేశంలో స్థిరపడి, ఉత్సవానికొచ్చిన ఒక తెలుగు స్వరకర్త, నలభై కూడా నిండని మనిషి, పియానో దగ్గరికి ఆయన్ని పిలిపించుకుంది.

"మాస్టారూ, వేలితో నొక్కే ఈ మెట్లలో చాలావాటికి మూడేసి తీగలున్నాయి కదా. ఆ మూడూ ఒకే మాట మీద ఉండకూడదు నాకు."

"శ్రుతి తప్పించమనా?"

"అవును."

"ముప్పయ్యేళ్లుగా బాగుచేయడమే నేర్చుకున్నానమ్మా. చెడగొట్టడం నా వల్ల కాదు."

"చెడగొట్టడానికి మీరెందుకు? తీగ ఎంత జారితే ఏడుస్తుందో, ఎంత జారితే అరుస్తుందో మీకు తెలుసు. ఏడుపు దగ్గర ఆపండి, చాలు."

మాస్టారు తీగలు బిగించే రెంచి సంచిలోంచి తీశారు.

మొదటి రోజు చెయ్యి మొండికేసింది. రెంచితో తీగ వదులు చేయడం, మనసొప్పక మళ్లీ బిగించడం. రెండో రోజుకి వేళ్లకే తెలిసిపోయింది. పక్కపక్క తీగలు వెంట్రుకవాసి దూరమైతే ధ్వనిలో సన్నటి వణుకు పుడుతుంది. ఆ వణుకు వెంటపడి ఆయన అన్నం సంగతే మరిచిపోయారు.

"ఏం మాస్టారూ, దీనికేమన్నా జబ్బా?" అంది నేల తుడిచే ఆవిడ.

"నేనే చేయిస్తున్నానమ్మా జబ్బు" అన్నారాయన.

మూడో రోజు సాయంత్రం నాలుగింటికి కచేరీ. ఆ రోజు ఆయన ఇంటికి వెళ్లలేదు. చివరి వరసలో కూర్చున్నారు. స్వరకర్తే వాయించింది. ఒక మెట్టు నొక్కి, వణుకు సద్దుమణిగేదాకా ఆగి, ఇంకొకటి నొక్కింది. పావుగంట గడిచేసరికి జనం ఒక్కొక్కరే లేచిపోసాగారు. కుర్చీలు టపటపా మడతపడుతున్నాయి. మాస్టారు మాత్రం కదల్లేదు. ఏ స్వరం వస్తుందో ఆయనకి తెలియదు, వచ్చిన ప్రతి స్వరం మాత్రం తన చేతిమీదుగా పోయిందే. ఒకచోట "ఇదిగో, ఇది విను" అంటూ పక్కకి తిరిగారు. పక్కన ఖాళీ కుర్చీ.

చివరికి మిగిలింది ఇరవై మందే. స్వరకర్త వంగి దండం పెట్టి, చెయ్యి చాపి మాస్టారిని చూపించింది. ఆయన తడబడుతూ లేచి, వెంటనే కూర్చున్నారు. బయట ఆమె ఆయన చేతులు రెండూ పట్టుకుని ఊపి, విమానాశ్రయం కారెక్కింది. ఇంటికెళ్లి తాళం తీశాక, ఆ ఇరవై మంది చప్పట్ల సంగతి చెప్పడానికి మాస్టారికి మనిషి లేదు.

మర్నాడు పొద్దున్న పియానోని మామూలు శ్రుతికి తేవాలి. రెంచి చేతిలోకి తీసుకుని, మళ్లీ కింద పెట్టి, భార్య చెల్లెలికి ఫోన్ చేశారు.

"బావగారా? అంతా క్షేమమేనా?" ఆమె గొంతులో కంగారు. ఆయన ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు.

"క్షేమమేనమ్మా. నిన్న ఒక కచేరీ అయింది."

"ఏం వాయించారు?"

ఎలా చెప్పాలో తోచలేదు. ఫోన్ తీగల దగ్గర పెట్టి ఒక మెట్టు నొక్కారు.

"లైను బాగాలేదు బావగారూ. ఏదో వణుకుతోంది."

"లైను కాదు. అది నేను చేసిందే."

"ఏదీ, ఇంకోసారి" అంది.

నొక్కారు. ధ్వని పూర్తిగా అణిగేదాకా ఇద్దరూ విన్నారు.

"బస్సొచ్చేసింది బావగారూ, ఆఫీసుకి..."

"వెళ్లమ్మా, వెళ్లు."

మాస్టారు ఫోన్ జేబులో వేసుకుని, ఎడమ చివరి తీగ నుంచి మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి పియానో ఎప్పటిలా అయింది.