ఎండబెట్టిన బ్యాటరీలు

కేబుల్ వీరాంజనేయులు చెప్పులు గుమ్మం బయట విడిచి, కుర్చీ అంచున కూర్చుని, మంచినీళ్ళు ఇమ్మన్నాడంటే వచ్చింది వైరు పని మీద కాదని మాధవీలతకు తెలిసిపోయింది. వైరు పనైతే వీధిలోంచే కేకేసి, డాబా ఎక్కి, పని చూసుకుని పోతాడు.

"మీ ప్రోగ్రాం గురించి అక్కయ్యా," అన్నాడు గ్లాసు కింద పెట్టి. "ఈ శుక్రవారంతో ఆపేద్దామా అని."

బందరులో అతని కేబుల్‌కి సొంత చానల్ ఒకటుంది. అందులో బొమ్మలుండవు. నీలం తెర మీద చీరల దుకాణాలూ, ట్యూషన్లూ, పారేసుకున్న తాళాల గుత్తులూ కింది నుంచి పైకి పాకుతుంటాయి. వెనక సినిమా పాటలు వస్తుంటాయి. ఆ పాటల మధ్య వారానికో అరగంట చోటివ్వమని ఆర్నెల్ల క్రితం మాధవీలతే అడిగింది. తనూ, కాలేజీలో తనతో చదివిన సరళా కూర్చుని మాట్లాడుకుంటారు: చదివిన కథ గురించి, ఊళ్ళో ఆ వారం జరిగినదాని గురించి, మనసులో ఉన్నదాని గురించి. ఆ మాటలు క్యాసెట్‌లో పట్టి ఇస్తే వీరాంజనేయులు శుక్రవారం నాలుగింటికి వేస్తాడు. దానికి 'మధ్యాహ్నం మాట' అని పేరు పెట్టుకున్నారు.

"బాగాలేదా?" అంది మాధవీలత.

"బాగాలేదని కాదండి. పాట సగంలో ఆపామంటే పది మంది ఫోన్ చేసి తిడతారు. మీ మాటలకి మెచ్చుకుంటూ చేసినోళ్ళు లేరు, తిడుతూ చేసినోళ్ళూ లేరు. తిట్టినా కొంత నయమండి, వింటున్నారని తెలుస్తది. అసలు ఎవరైనా వింటున్నారంటారా?"

ఈ ప్రశ్న ఆమె తనను తాను చాలాసార్లు వేసుకున్నదే. పెళ్ళయి ఈ ఇంటికొచ్చాక ఆమె గొంతు చాలావరకు ఏం కూర చెయ్యమంటారు, ఎన్నింటికి వస్తారు అన్న మాటలకే సరిపోయింది. భర్త శ్రీకృష్ణ మంచివాడే. పుస్తకం గురించి ఏదైనా చెప్పబోతే పేపరు మడిచి మరీ వింటాడు, విని 'ఊ' అంటాడు. ఆ 'ఊ' తర్వాత మాట సాగదు. కాలేజీ వరండాలో ఒక కథ ముగింపు గురించి సరళతో గంట సేపు పోట్లాడిన మనిషి తనలో ఇంకా ఉందని ఈ అరగంటలోనే ఆమెకు తెలిసేది.

"ఈ వారం వెయ్యి తమ్ముడూ. ఒక్కరూ అడక్కపోతే నేనే మానేస్తాను," అంది.

అతను తేలిగ్గా ఊపిరి తీసుకుని లేచాడు.

బుధవారం పన్నెండింటికి కరెంటు పోయింది. వాళ్ళు రికార్డు చేసేది ఆ కోత వేళలోనే. కరెంటు ఉంటే ఎదురింటి మిక్సీ, పక్కింటి మోటారు, అన్ని ఇళ్ళ టీవీలూ కలిసి క్యాసెట్‌లోకి దూరతాయి. కరెంటు పోయిన మరుక్షణం వీధి మొత్తం నోరు మూసుకుంటుంది. టేప్‌రికార్డరును మాత్రం బ్యాటరీల మీద నడుపుకోవాలి.

ఆ బ్యాటరీలు అప్పటికే నీరసపడ్డాయి. కొత్తవి తెద్దామనుకుంటూనే వీరాంజనేయులు మాటల గుబుల్లో మరిచిపోయింది. అత్తగారు కొండమ్మ డాబా మీద గుమ్మడి వడియాలు పెడుతుంటే గుర్తొచ్చింది.

"ఎండలో పెట్టవే, మళ్ళీ ప్రాణం వస్తది. మీ మావయ్యగారి టార్చిలైటుకి ఎన్నిసార్లు పెట్టానో," అంది కొండమ్మ.

అలా పాత చీర మీద ఒక వైపు వడియాలూ ఒక వైపు నాలుగు లావుపాటి బ్యాటరీలూ పొద్దున్నుంచి ఎండాయి.

సరళ గిలకలదిండి నుంచి ఆటోలో దిగింది. ఆమె భర్త యలమంద హార్బర్లో చేపల వేలం వేస్తాడు. బోటు వచ్చి సరుకు దించగానే కుప్ప పక్కన నిలబడి, ధర పిలిచి, గొంతు చించుకుని అమ్మిపెట్టడం అతని పని.

"రొయ్యలు తెచ్చావా అమ్మాయ్?" అంది కొండమ్మ, ముందు సంచీ వైపు, తర్వాత మనిషి వైపు చూసి.

"తేకపోతే గుమ్మం ఎక్కనిస్తారా పిన్నిగారూ?"

"ఎక్కనిస్తాలే. మజ్జిగ మటుకు ఇవ్వను."

తలుపులు వేసుకుని, టేప్‌రికార్డరును పీట మీద పెట్టుకుని, ఇద్దరూ చాప మీద కూర్చున్నారు. మాధవీలత ఎర్ర మీట నొక్కింది.

"నమస్కారమండీ సరళగారూ. మన కొళాయి నీళ్ళు ఈ వారం తెల్లవారుజామున వస్తున్నాయట."

"అవునండీ మాధవిగారూ. వచ్చి, మనం లేచేలోపు వెళ్ళిపోతున్నాయట. చుట్టాలైనా అంత మర్యాదగా వెళ్ళరు."

ఎప్పుడూ ఇలాగే మొదలయ్యేది. నీళ్ళ సంగతయ్యే దాకా 'అండీ'లు నిలిచేవి. కథలోకి దిగగానే 'ఏమే'లోకి జారిపోయేవారు. ఆ నెలంతా వాళ్ళు వాదించుకుంటున్నది ఒక వారపత్రికలో వస్తున్న సీరియల్ గురించి. అందులో పద్మజ అనే టీచరుకు దూరం బదిలీ అయింది. భర్త ఉద్యోగం మానెయ్యమన్నాడు. కిందటి వారం సరళ మానెయ్యాల్సిందేనంది, మాధవీలత వీల్లేదంది. ఇద్దరూ పట్టు విడవకుండానే క్యాసెట్ అయిపోయింది.

"వారమంతా ఆలోచించానే," అంది సరళ. "పద్మజ మానెయ్యకూడదు."

"మొన్న నన్ను తిట్టిపోసింది ఎవరు మరి?"

"నేనే. ఇప్పుడు కాదంటున్నదీ నేనే. విను. మా ఆయనకి పచ్చకామెర్లు వచ్చినప్పుడు వేలం ఎవరు వేశారనుకున్నావు?"

"ఎవరు?"

"నేనే. ఎవరికీ చెప్పలేదు, నీకు కూడా. మొదటిరోజు గొంతు పెగల్లేదు. ఎదురుగా కొనేవాళ్ళు, వెనక బోటువాళ్ళు, నా కాళ్ళ దగ్గర పండుగప్ప చేపల కుప్ప. కళ్ళు మూసుకుని ఒక్క కేక వేశాను. అందరూ నిలబడిపోయారే. ఆ తర్వాత ఇక నన్ను పట్టుకోలేకపోయారు. ఆయన లేచి తిరిగేదాకా నేనే వేశాను. ఆయనకి నయమయ్యాక ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చున్నాను. ఇన్నేళ్ళూ ఆయన మానిపించాడనే అనుకున్నాను. మొన్న నువ్వు పద్మజ గురించి వాదిస్తుంటే ఇంటికెళ్ళి గుర్తు చేసుకున్నాను. ఆయన మానెయ్యమని అననే లేదు. ఎవరూ అనలేదు. నేనే మానేశాను."

మాధవీలత మీట సంగతే మరిచి ఆమె వైపు చూస్తూ కూర్చుంది. సరళే నవ్వి, "ఏమే, క్యాసెట్ ఉత్తినే తిరుగుతోంది," అంది. అప్పుడు మీట తీశారు.

ఏ పనైనా సరిచూసుకోనిదే మాధవీలతకు తోచదు. ఉన్న కాస్త బ్యాటరీ ఖర్చవకుండా పెన్సిలు దూర్చి క్యాసెట్ మొత్తం వెనక్కి తిప్పి, మొదటి మాటలు విన్నది. కొళాయి నీళ్ళు శుభ్రంగా వినపడ్డాయి. చివర కూడా విందామంటే సరళ చెవులు మూసుకుంది. తన గొంతు తను వినడం ఆమెకు సిగ్గు. సరేలెమ్మని మాధవీలత క్యాసెట్ తీసుకెళ్ళి వీరాంజనేయులు చేతిలో పెట్టింది.

శుక్రవారం నాలుగింటికి అత్తాకోడళ్ళు టీవీ ముందు కూర్చున్నారు. ఈ ప్రోగ్రాం తనకు పట్టదని చెప్పడానికి కొండమ్మ ప్రతి వారం ఆ వేళకు చిక్కుళ్ళు ముందేసుకుని టీవీ పక్కనే కూర్చునేది. కొళాయి నీళ్ళు బాగానే వచ్చాయి. పద్మజ దగ్గరకు వచ్చేసరికి మాటలు కొంచెం తొందరపడ్డాయి. పచ్చకామెర్ల దగ్గర సరళ గొంతు పదేళ్ళ పిల్ల గొంతయింది. 'కళ్ళు మూసుకుని' అన్న మాట దాటగానే ఆ గొంతు పిచ్చుకైపోయింది. కిచకిచ తప్ప ముక్క అర్థం కాలేదు. తెర మీద మాత్రం 'వేడి వేడి బెల్లం జిలేబీ లభించును' అని తీరిగ్గా పైకి పాకుతోంది.

"ఎవరే ఆ పిల్ల?" అంది కొండమ్మ, చిక్కుడుకాయ చేతిలోనే పెట్టుకుని.

సంగతేమిటో మాధవీలతకు అప్పుడు తట్టింది. ఎండ ఇచ్చిన ప్రాణం సగం దాకానే నిలిచింది. బ్యాటరీలు నీరసించిన కొద్దీ రికార్డవుతున్న టేపు నెమ్మదించింది. నెమ్మదిగా పట్టిన మాటలు వీరాంజనేయులు మిషను మీద మామూలు వేగంతో పరుగెత్తుతున్నాయి. పెన్సిలుతో తిప్పేంత సేపట్లో బ్యాటరీలు కాస్త తేరుకోబట్టే ఆ రోజు మొదటి మాటలు శుభ్రంగా వినపడ్డాయి. తెలిసి ఏం లాభం? ఇంతలో కిచకిచ ఆగి, డ్యూయెట్టు మొదలైంది. వీరాంజనేయులు మీట నొక్కేశాడన్నమాట.

కొండమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫోన్ మోగింది. మాధవీలత రిసీవరు తీసి పక్కన పెట్టేసింది. వేళాకోళాలు వినే ఓపిక ఆమెకు లేదు. ఆర్నెల్లుగా తను కట్టుకున్నది పిచ్చుకల కచేరీతో ముగిసిందనుకుని, వెళ్ళి అంట్లు తోమసాగింది. తోమినవే మళ్ళీ తోమింది.

మర్నాడు కూరలకు బజారుకెళ్ళక తప్పలేదు. గోంగూర అమ్మే రాహేలు ఆమెను చూడగానే నవ్వు మొదలుపెట్టింది.

"ఏమ్మా, నిన్న ఇద్దరూ పిట్టలైపోయారే?"

"బ్యాటరీలు పాడయ్యాయిలే. రెండు కట్టలివ్వు."

"ఇస్తాలే గానీ, ఆవిడ కళ్ళు మూసుకుంది కదా. ఆ తర్వాత?"

మాధవీలత చెయ్యి సంచీలోనే ఆగిపోయింది. "ఏమన్నావు?"

"అదేనమ్మా, కుప్ప ముందు నిలబడి కళ్ళు మూసుకుందన్నారు. అక్కడికి పిట్టలొచ్చాయి. ఆవిడ కేకేసిందా, ఏడ్చుకుంటా ఇంటికొచ్చేసిందా? మా కోడలు కేకేసిందంటది. నేను వెయ్యలేదంటాను. రాత్రి అన్నాల కాడ ఇదే గొడవ."

"నువ్వు వింటావా రాహేలూ?"

"టీ కొట్టు టీవీలో వస్తది కదమ్మా. శుక్రవారం ఆ వేళకి బేరం ఎట్టాగూ ఉండదు. ఆ పద్మజ మొగుడు నా కంటబడితే చెప్తాను వాడి సంగతి."

"మరి బాగుందని ఒక్కసారైనా చెప్పలేదేం?"

రాహేలు వింతగా చూసింది. "బాగుంటే చెప్పేదేముందమ్మా? బాగుంది కాబట్టే వింటన్నాం."

మాధవీలత రెండు కట్టలనుకున్నది నాలుగు తీసుకుంది. ఇంటికొచ్చేసరికి వీరాంజనేయులు అరుగు మీద చెమటలు కక్కుతూ కూర్చున్నాడు.

"ఫోన్ తీసి పక్కన పెట్టుకున్నారేంటి అక్కయ్యా? నా ప్రాణం తీస్తున్నారు జనం. నిన్న సాయంత్రం నుంచి ఒకటే గోల. వేలం ఏమైంది, వేలం ఏమైంది అని. పాటేస్తే పాటాపి అది వెయ్యమంటారు. ఐసు ఫ్యాక్టరీ నుంచి ఒకాయన నన్ను పట్టుకుని, ఆడమనిషి మాట మధ్యలో నొక్కేస్తావా అని తిట్టాడు. నేను నొక్కానా, మీ బ్యాటరీలు నొక్కాయా?"

"మరి ఎవరూ వినట్లేదన్నావుగా?"

"వింటున్నారని నాకు మాత్రం ఎవరు చెప్పారండీ?" అని జేబులోంచి కొత్త బ్యాటరీలు నాలుగు తీసి అరుగు మీద వరసగా నిలబెట్టాడు. "బుధవారం మళ్ళీ మాట్లాడండి. ఆవిడ అక్షరం పొల్లు పోకుండా మొత్తం చెప్పాలి. ఇంక ఆ వడియాల బ్యాటరీలు మటుకు పారెయ్యండి, మీకు పుణ్యముంటది."

అక్షరం పొల్లు పోకుండా చెప్పించడం అతను అనుకున్నంత తేలిక కాదు. ఆ సాయంత్రమే మాధవీలత గిలకలదిండి వెళ్ళింది. వలలు బాగుచేస్తున్నవాళ్ళు ఆమె గొంతు విని తలలెత్తి, ఒకళ్ళనొకళ్ళు మోచేతులతో పొడుచుకున్నారు. సరళ ఇంటి ముందు మంచం వాల్చింది.

"రెండోసారి చెప్పలేనే," అంది సరళ. "అప్పుడు నీ మొహం చూస్తే వచ్చేసింది. ఇప్పుడు చెబితే పాఠం అప్పజెప్పినట్టుంటది. పైగా మా ఆయన విన్నాడు."

"అయ్యో. ఏమన్నాడు?"

"టీ కొట్టు దగ్గర అందరూ ఆయన చుట్టూ చేరారట, మీ ఆవిడేం చెప్పబోయింది చెప్పమని. ఆయనకీ తెలియదాయె. ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి, ఆ చివర్లో ఏమన్నావని అడిగాడు. చెప్పాను. 'నేనెప్పుడు మానెయ్యమన్నానే?' అన్నాడు. అనలేదు, అదే కదా చెప్పాను అన్నాను."

"తర్వాత?"

"అన్నం పెట్టమన్నాడు, తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, 'సోమవారం నుంచి రెండు బోట్లు ఒకేసారి దిగుతున్నాయి, ఒక్క గొంతు చాలదు,' అన్నాడు. అంతే. మళ్ళీ ఎత్తలేదు."

మాధవీలత మంచం మీద ముందుకు జరిగింది. "వెళ్తావా?"

"ఏమో," అంది సరళ. కానీ ఆ 'ఏమో' చాలా హుషారుగా వచ్చింది. "బుధవారం వస్తాలే. కాస్త ఆలస్యమైనా కరెంటు వచ్చేలోపు వస్తాను."

బుధవారం కోత సగమయ్యాక వచ్చింది. చీర కుచ్చెళ్ళు తడిసి ఉన్నాయి, మోచేతుల దాకా పొలుసులు మెరుస్తున్నాయి. కొండమ్మ సంచీ వైపు చూడకుండా నేరుగా మజ్జిగ తెచ్చింది. తలుపు వెయ్యబోతుంటే, "నేనిక్కడే కూర్చుంటాను, దగ్గను," అని చాప చివర చేరింది. సరళ పాత మాటలు ఒక్కటీ అప్పజెప్పలేదు. ఆ పొద్దున జరిగిందే చెప్పింది. కొత్త బ్యాటరీల మీద టేపు బుద్ధిగా తిరిగింది. ఈసారి మాధవీలత క్యాసెట్ చివరి దాకా విన్నాకే కదిలింది. సరళ కూడా చెవులు మూసుకోకుండా విన్నది.

శుక్రవారం నాలుగూ పదికి ఫోన్ మోగింది. రిసీవరు ఈసారి దాని చోటనే ఉంది.

"అక్కయ్యా," వీరాంజనేయులు గొంతులో ఆదుర్దా. "ఈసారి సరళగారి గొంతు మరీ లావుగా, బొంగురుగా వస్తోందేంటి? కొత్త బ్యాటరీలే కదా వేశారు? మళ్ళీ నొక్కెయ్యమంటారా?"

"నొక్కకు తమ్ముడూ," అంది మాధవీలత, టీవీ వైపు చెవి పెట్టి. "అది బ్యాటరీ కాదు. బుధవారానికే మూడు రోజులుగా వేలం వేస్తోంది."