కాక తట్టిన దిమ్మెలు

రాయమల్లు కాకకు కనబడ్డదల్లా చేతికర్రతో తట్టి చూసే అలవాటుంది. బొగ్గుబాయిలో ఉద్యోగం చేసినన్నాళ్లూ పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడమే ఆయన పని. ఇనుప కడ్డీతో పైన తట్టి, చప్పుడు విని, దాని కింద మనిషి నిలబడొచ్చో లేదో చెప్పేవాడు. రిటైరై సెంటినరీ కాలనీ వెనక గల్లీలో ఇల్లు కట్టుకున్నా ఆ అలవాటు మాత్రం వదల్లేదు. గోడ తడతాడు, గేటు తడతాడు, పక్కింటి షాబాజ్ పికప్ బండినైతే రోజూ పొద్దున్నే పలకరించినట్టు తడతాడు. ఆ టక్ టక్ వింటే షాబాజ్‌కు ఒళ్లు మండేది.

కాక ఇంటి గోడవారగా రైలుపట్టాల కింద వేసే పాత చెక్క దిమ్మెలు పేర్చి ఉండేవి. గోలేటి దగ్గర కూతురు జమున ఇంట్లో బర్రెల కొట్టం కోసం కొన్నవి. దిమ్మెలతో పాటే తానూ అక్కడికి పోయి, కొట్టం లేపి, బర్రెలను చూసుకుంటూ ఉంటానని కాక అందరికీ చెప్పుకునేవాడు. "నీ బండిల ఏసుకపోదాం బిడ్డా" అని ఆయన అడగడం, "రేపు చూద్దాం కాకా" అని షాబాజ్ తప్పించుకోవడం ఎండాకాలం నుంచీ నడుస్తోంది. అంత దూరం పోయి తిరిగి ఖాళీగా రావాలంటే షాబాజ్‌కు ప్రాణం ఒప్పేది కాదు.

అలాంటివాడి బండికి ఒక శనివారం పొద్దున వెనక ఇరుసు విరిగింది. అదీ ఇంటి ముందే విరిగింది కాబట్టి సరిపోయింది. మర్నాడు తెల్లారేసరికి పల్లెల నుంచి కూరగాయలు గోదావరిఖని మార్కెట్‌కు చేర్చాలి. రాలేనంటే రైతులు ఇంకో బండి మాట్లాడుకుంటారు, ఇక షాబాజ్ మొహం చూడరు. ఇల్లు ఆ బండి మీదే నడుస్తోంది. బండి కొనకముందు మెకానిక్ షాపులో పని చేసినవాడే కాబట్టి ధైర్యం చేశాడు. పెద్దపల్లిలో పాత సామాన్ల దుకాణం నుంచి ఇంకో ఇరుసు ఆటోలో వేసుకొచ్చి, జాకీ పెట్టి బండిని లేపాడు. గోనెసంచి పరిచి కిందికి దూరబోతుంటే జాకీ పక్కన నేల మీద టక్కుమంది.

"ఆగు" అన్నాడు కాక. "జాకీ కింద ఏముంది?"

"భూమి ఉంది కాకా. ఇంకేముంటది?"

"బూడిద ఉంది. ఈ గల్లీ అంత పల్లముండె. బొగ్గు బూడిద పోసి లేపిన్రు. పైన గట్టిగనే కనబడ్తది, బరువు పడ్డంక కూసుంటది."

"నాకు టైం లేదు. జల్ది చెయ్యాలె."

"నీ టైం అయిపోవద్దనే చెప్తున్న."

షాబాజ్ ఏదో అనబోయాడు. గుమ్మంలో నిలబడ్డ అతని భార్య జూహీ అననివ్వలేదు. "కాక సరే అనేదాకా కిందికి పోతే నా మీద ఒట్టే" అంది.

మొదటి షిఫ్టు దిగి అప్పుడే వచ్చిన కాక కొడుకు రఘుపతి, మొహం కూడా కడుక్కోకుండా దిమ్మెలు మోశాడు. జాకీ కూరుకుపోయినా బండి ఆగేలా దాని పక్కనే, బాయిలో పేర్చినట్టు వెడల్పుగా రెండు నిలువు, వాటి మీద రెండు అడ్డం, మళ్లీ రెండు నిలువు. వేసే ముందు కాక ప్రతి దిమ్మెనూ తట్టి, తలవంచి వినేవాడు. ఒకటి బోలుగా పలికిందని పక్కకు నెట్టించాడు. పొద్దు వాలిపోతుంటే షాబాజ్ లోలోపలే పళ్లు నూరుకున్నాడు. దిమ్మెలు బండి అడుగును ఆనుకునేదాకా పేర్చి, సందులో చెక్క ముక్కలు సుత్తితో కొట్టి బిగించాక గానీ "ఇగ పో" అనలేదాయన.

పాత ఇరుసు ఊడింది. కొత్తది ముగ్గురూ కలిసి లోపలికి దొర్లించారు గానీ బెత్తెడు ఎత్తు చాలలేదు. షాబాజ్ జాకీని ఇంకా లేపాడు. కాక ఊరుకోలేదు, ఆ బెత్తెడు సందులోనూ ఇంకో దిమ్మె దూర్పించి, మళ్లీ బిగింపించి, మళ్లీ తట్టాడు. షాబాజ్ విసుక్కుంటూ కిందికి దూరి బోల్టు అందుకున్నాడు.

అప్పుడు జాకీ ఒక పక్కకు ఒరిగింది. అడుగు బూడిదలో కూరుకుపోయి, జాకీ ఎగిరి అవతల పడింది. బండి కిర్రుమంటూ దిగి, దిమ్మెల మీద కూర్చుని ఆగిపోయింది.

జూహీ అరిచిన అరుపు షాబాజ్‌కు ఎక్కడో దూరం నుంచి వినబడింది. ఇనుము అతని ఛాతీకి జానెడు పైన ఉంది. ఊపిరి పీల్చుకుంటే తనదే అని నమ్మకం కలగలేదు. రఘుపతి కాళ్లు పట్టి బయటికి లాగాక అక్కడే కూలబడి కాక రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లనీళ్లు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

"నువ్వు లేకుంటే నేను లేను కాకా."

"నేనేం చేసిన? నువ్వు ఎండకాలంలనే గోలేటికి తోలుంటే ఈ దిమ్మెలు ఈడుంటుండెనా? నీ బద్ధకానికి మొక్కుకో పో" అన్నాడు కాక. కానీ చేతులు మాత్రం విడిపించుకోలేదు.

ఈసారి జాకీ కింద కూడా దిమ్మె వేసుకుని, దీపాలు పెట్టే వేళకు పని ముగించారు. దిమ్మెలు తీయడానికి షాబాజ్ వంగితే కాక వెనక్కి నెట్టాడు. "పెట్టినోడే తియ్యాలె. బాయిల గంతే." అందరినీ దూరంగా నిలబెట్టి, ఒక్కొక్కటే తానే తీశాడు.

మర్నాడు కూరగాయలు వేళకే మార్కెట్ చేరాయి. ఆ మధ్యాహ్నమే, ఎవరూ అడగకుండానే, షాబాజ్ దిమ్మెలన్నీ బండికెక్కించాడు. కాక తన ట్రంకుపెట్టె కూడా తెచ్చి పెట్టాడు. దాన్ని చూశాకే షాబాజ్‌కు తాను ఏం మోసుకుపోతున్నాడో తట్టింది. రేపటి నుంచి పక్కింటి నుంచి ఆ చప్పుడు రాదు. ఇంకో ఎండాకాలం దాకా ఎందుకు తప్పించుకోలేకపోయానా అనుకున్నాడు.

గోలేటిలో అన్నీ దించాక, బండి బరువుకు అంచు నలిగిన దిమ్మెను మాత్రం కాక దించనివ్వలేదు.

"ఇది నీ బండిలనే ఉండనియ్. జాకీ పెట్టినప్పుడల్ల కింద ఏసుకో. చెప్పనీకి నేనుండ గద."

షాబాజ్ దాన్ని బండి మూలకు జరిపాడు. వంగి ఆయన కాళ్లు ముట్టుకుని, వెంట వచ్చిన జూహీని ఎక్కించుకుని బయల్దేరాడు.

రోడ్డు గతుకుల్లో పడ్డప్పుడల్లా వెనక ఒంటరి దిమ్మె టక్ టక్‌మని కొట్టుకుంటోంది.

"ఆపి తాడుతో కట్టెయ్యరాదా?" అంది జూహీ.

"వద్దు" అన్నాడు షాబాజ్. "చప్పుడు రానియ్."