రబ్బరు పైపులో ఊపిరి

కోదాడలో ఎస్తేరు షెడ్డుకు బోర్డు లేదు. అక్కర కూడా లేదు. ఇంజనుకు గాలీ పెట్రోలూ కలిపిచ్చే కార్బురేటరు మొరాయిస్తే మోతె నుంచీ మఠంపల్లి నుంచీ జనం ఆమెనే వెతుక్కుంటూ వస్తారు. ఆమె దగ్గర మీటర్లూ గీటర్లూ ఉండవు. రబ్బరు పైపు ఒక కొస చెవిలో పెట్టుకుంటుంది, రెండో కొస కార్బురేటరు నోటి దగ్గర ఆనిస్తుంది. జంట కార్బురేటర్లయితే, లోపలికి పోయే గాలి చప్పుడు రెండింట్లోనూ ఒక్కలా వినిపించేదాకా స్క్రూ తిప్పుతుంది. అది తండ్రి మట్టయ్య నేర్పిన విద్య. ఆయన తన పాత రేసు ఫియట్ స్టీరింగు ముందే కూలబడి, సూర్యాపేట దవాఖానకు తీసుకుపోతుంటే మునగాల దాటకుండానే కన్నుమూశాడు.

ఇప్పుడు ఆ ఫియట్‌తో తమ్ముడు ప్రశాంత్ ఆదివారం హైదరాబాదులో పాత కార్ల రేసుకు పోతానంటాడు. వాడొక మొండిఘటం. కార్బురేటర్ల నోళ్లు చిన్నవట, వేగం చాలదట. మిర్యాలగూడ పాత సామాన్ల కొట్లో పెద్ద నోటి జత కనబడేసరికి వదిలితే ఒట్టు.

"గింత పెద్ద నోరు ఈ ఇంజనుకు అరగదురా. స్పీడు తక్కువున్నప్పుడు దగ్గుతది," అంది ఎస్తేరు.

"ఎక్కువున్నప్పుడు దుంకుతది గదక్కా!"

కొట్టు యజమాని పరశురాములు సామాను చేతికిస్తూ గొంతు తగ్గించాడు. "కాల్వల పడి మనిషి పోయిన బండిదమ్మా. నిమ్మకాయ కోసినంకనే బిగించు."

ఎస్తేరు నవ్వేసింది. చర్చిలో పాటలు పాడే మనిషికి నిమ్మకాయలతో ఏం పని?

షెడ్డులో ఆ జత బిగించి, ప్రశాంత్‌ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, పైపు చెవిలో పెట్టుకుంది. ముందుదాంట్లో గాలి సాఫీగా బుసకొట్టింది. వెనకదాంట్లో ఆ బుస కింద ఇంకేదో ఉంది. పీల్చడం, ఆగడం, మళ్లీ పీల్చడం. ఎక్కడో గాలి లీకవుతోందనుకుని ప్యాకింగులు మార్చింది. లాభం లేదు. విసుగొచ్చి ఇంజను ఆపమని అరిచింది. ఇంజను ఆగింది. పైపులో ఊపిరి ఆగలేదు.

ఎస్తేరు పైపు తీసి దులిపి మళ్లీ చెవిలో పెట్టుకుంది, మళ్లీ అదే. తమ్ముణ్ణి దిగమంది. వాడు దిగగానే చప్పుడు పోయింది. భర్త గణేష్‌ను పిలిచి అదే సీట్లో కూర్చోబెట్టినా ఏమీ లేదు. ప్రశాంత్ మళ్లీ ఎక్కాడు. పీల్చడం, ఆగడం.

కాల్వలో మునిగినవాడెవడో తమ్ముడి ప్రాణం అడుగుతున్నాడు! అలా అనుకున్నందుకు తన మీద తనకే కోపమొచ్చింది. అయినా పక్కింటి భాగ్య దగ్గర నిమ్మకాయ తెచ్చి, ఏసయ్యకు క్షమాపణ చెప్పుకుంటూ కోసింది. ఊపిరి పోలేదు. ఇక ఆ జతను ఊడబీకి, గోనెసంచిలో మూటగట్టి బయట పారేసింది.

"నాయిన పెట్టిన చిన్నవే పెడ్తున్న. నచ్చకుంటే రేసుకు నడుసుకుంట పో!"

ప్రశాంత్ ముఖం మాడ్చుకుని మళ్లీ స్టీరింగు ముందు కూర్చున్నాడు. పాత జత చక్కగా కుదిరింది, రెండు నోళ్లూ ఒక్క గొంతుతో బుసకొట్టాయి. పీడ వదిలిందని ఎస్తేరు ప్రాణం తెరిపిన పడింది. ఇంజను ఆపించింది గానీ పైపు తీయడం మరిచిపోయింది.

పీల్చడం. ఆగడం. పీల్చడం.

ఇప్పుడు నింద వేయడానికి కాల్వలోని మనిషి లేడు. అప్పుడు గుర్తుపట్టింది ఆ ఊపిరిని. అంబులెన్సులో నాన్న తల ఒళ్లో పెట్టుకుని మునగాల దాకా విన్నది అదే.

పైపు కొసను తమ్ముడి ఛాతీకి ఆనించింది.

"ఏందక్కా, డాక్టరమ్మవైనవా?" ప్రశాంత్ పగలబడి నవ్వాడు. పైకి నవ్వు. పైపులో పీల్చడం, ఆగడం.

"ఛాతీ ఎప్పటిసంది పట్టేస్తుందిరా?"

వాడి నవ్వు మాయమైంది. "గ్యాస్ అనుకున్న. ఎవ్వలకు చెప్పలే. నీకెవరు చెప్పిన్రు?"

ఎస్తేరు కారు తాళం గుంజుకుంది. "ఏమయ్యో, నువ్వు నడుపు! సూర్యాపేట పోవాలె!" అని గణేష్‌కు కేకేసి, తమ్ముణ్ణి వెనక సీట్లోకి లాక్కుని తాను పక్కన కూర్చుంది.

దారి పొడుగునా పైపు వాడి ఛాతీ మీంచి తీయలేదు. మునగాల వచ్చింది. నాన్నది ఆగిన చోటే పైపులో ఊపిరి ఆగింది. "నాయినా, చాలు, వింటున్న," అంది ఎస్తేరు పైకే. మునగాల దాటాక ఊపిరి మళ్లీ మొదలైంది, ఈసారి ఆగకుండా.