పదకొండో పలక

పలకలు పదకొండు. ఈదమ్మ ఒక్కొక్కటీ తడిగుడ్డతో తుడిచి కిటికీ గట్టు మీద ఆరబెడుతోంది. అప్పటికే గది ఊడ్చింది, బిందె నింపింది. వనపర్తి బస్టాండు వెనక సందులో రెండు గదుల రేకుల ఇల్లు అది. మహిళా సంఘం ఆఫీసు. బయటి గదిలో కుట్టుమిషన్లు, లోపలి గదిలో పెద్దవాళ్ళ చదువు. ఈదమ్మ ఎనిమిదేళ్ళుగా ఇక్కడ ఊడుస్తోంది, చాయ్ పెడుతోంది. యాభై తొమ్మిదేళ్ళు ఉంటాయి. పొట్టి మనిషి. పడుచు వయసంతా ఊరూరా కాలువ పనుల్లో మట్టి తట్టలు మోసినందుకు మెడ కొంచెం ఎడమకు ఒరిగిపోయింది.

ఆఖరి పలక తుడిచాక గూట్లో పరిచిన పాత పేపరు మీద చూపు ఆగింది. పురుగుల మందు ప్రకటన నుంచి వాన కబురు దాకా, పెదవులు కదలకుండా, అంతా చదివింది. బయట చెప్పుల చప్పుడు వినగానే కళ్ళు దించుకుంది.

ఆమెకు చదువు వచ్చు. ఆ సంగతి ఆమెకూ, సంఘం నడిపే బాలస్వామి సారుకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఆరేళ్ళ కింద యూనివర్సిటీ పిల్లలు మొదటిసారి వచ్చారు. ఊళ్ళో సేవ చేస్తూ నేర్చుకోవడం వాళ్ళ చదువులో ఒక భాగమట. నెల రోజులు సంఘంలో పనిచేస్తే దానికీ మార్కులు వేస్తారట. యమున అనే పిల్ల ఈదమ్మ చెయ్యి పట్టుకుని దిద్దించింది. యమున వెళ్ళిపోయాక ఈదమ్మ ఆగలేదు. మిర్చిబజ్జీల కాగితాలు, బస్సుల బోర్డులు, ఆఫీసు బీరువాలోని పుస్తకాలు కూడబలుక్కుంటూ చదివింది. రెండేళ్ళకు కూడబలుక్కోవడం కూడా పోయింది. మళ్ళీ వచ్చి చూస్తానన్న యమున మాత్రం రాలేదు.

తర్వాతి ఏడు కొత్త పిల్లలు వచ్చేసరికి ఆడవాళ్ళంతా చేలల్లో ఉన్నారు. గదిలో నలుగురు కూడా లేరు. బాలస్వామి సారు ఈదమ్మను పక్కకు పిలిచాడు.

"పది మందైనా లేకుంటె వాళ్ళు వచ్చే ఏడు ఇంకో సంఘం దిక్కు పోతరు. జర నువ్వు గూడ కూసో ఈదమ్మా. ఏం రానట్టు ఉండు. నీదేం పోతది?"

ఆయన చెడ్డవాడు కాడు. ఆ పిల్లలు వస్తేనే పింఛను దరఖాస్తులు రాసే దిక్కు ఉంటుంది. ఈదమ్మ కూర్చుంది. మొదటి రోజు కాగితం మీద వేలిముద్ర, చివరి రోజు అదే కాగితం మీద సంతకం. రెండూ పక్కపక్కన కనబడేలా ఫోటో తీస్తారు. ఇది ఆరోసారి. రానట్టు ఉండడం కూడా ఒక పనితనమైంది. మొదటి వారం బలపం పిడికిట్లో పట్టాలి. రెండో వారం అక్షరం పొట్ట అటుది ఇటు రాయాలి. మూడో వారం ఒక్కసారి తప్పు లేకుండా రాసి, తానే ఆశ్చర్యపోవాలి. ఆ ముఖం పెట్టినప్పుడల్లా నేర్పే పిల్లల కళ్ళు మెరుస్తాయి. ఆ మెరుపుకు తల ఎత్తలేక ఈదమ్మ చాయ్ పెడతానని లేచిపోతుంది.

చెప్పులు విడిచి లోపలికి వచ్చింది భాగ్యలక్ష్మి. ఆమె బస్టాండు పక్కన జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. గోళ్ళ సందుల్లో పిండి ఎండి ఉంది. ఈ ఏడు చదువుకని నిజంగా వచ్చినవాళ్ళలో ఒక్కరోజు కూడా తప్పనిది ఆమె ఒక్కతే. తల్లి లేని మనవరాలు వైష్ణవి గురుకుల హాస్టల్లో చదువుతోంది. నెలనెలా రెండో ఆదివారం చూడబోతే గేటు దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టాలి. అందరి తల్లులూ పెన్ను అందుకుంటారు.

"నేను వేలు సిరాల పెడితె పిల్ల అటు దిక్కు చూస్తది అక్కా" అని మొదటి రోజే ఈదమ్మతో చెప్పింది.

ఏటా ఈ నెలల్లో గద్వాల దిక్కు సీడు పత్తికి పోయేది. పువ్వు పువ్వుకూ పుప్పొడి రాసే పని. ఈసారి కూలీల జీపు వచ్చి పిలిచినా పోలేదు. వచ్చే ఆదివారం, అంటే ఎల్లుండి, రిజిస్టరులో తన పేరు తాను రాయాలని.

"మీ అవ్వ పుణ్యాత్మురాలు, మూడక్షరాల పేరు పెట్టింది" అంది పలక అందుకుంటూ. "మావోళ్ళకేం ఎరుక, నేను ముసల్దాన్నయి బలపం పడతనని. ఇంత పొడుగు పేరు పెట్టి నా మీద కక్ష తీర్చుకున్నరు."

ఈదమ్మ నవ్వలేకపోయింది.

పదకొండింటికి ఆఖరి రోజు పరీక్ష పెట్టడానికి యూనివర్సిటీ నుంచి ఈ ఏటి కొత్త మేడం వచ్చింది. ఈసారి వచ్చిన పిల్లల్లో ఈదమ్మకూ భాగ్యలక్ష్మికీ నేర్పిన సింధూజ చున్నీ సర్దుకుని గోడ పక్కన నిలబడింది, తనకే పరీక్ష అయినట్టు. ఈదమ్మ పేరు రాసింది. పేపరు ఇస్తే ఒక వాక్యం తడబడుతూ చదివింది, తడబాటు ఎక్కడెక్కడ రావాలో అక్కడే. అందరూ చప్పట్లు కొట్టారు. సింధూజ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల చెయ్యి చల్లగా, చెమటగా ఉంది.

తర్వాత భాగ్యలక్ష్మి. రెండక్షరాలు రాసింది. మూడోదాని దగ్గర బలపం ఆగింది. రాసింది, బొటనవేలు ఉమ్మితో తడిపి తుడిచింది, మళ్ళీ రాసింది, మళ్ళీ తుడిచింది. మేడం మెత్తని మనిషి. పరవాలేదమ్మా అంది. ఈదమ్మ మీకంటే పెద్దది, మీతోపాటే మొదలుపెట్టింది, ఆమెకు రాలేదా, మనసు పెడితే మీకూ వస్తుంది అంది.

భాగ్యలక్ష్మి తల తిప్పి ఈదమ్మను చూసింది. ఆ చూపులో అసూయ లేదు. ఉంటే బాగుండుననిపించింది ఈదమ్మకు. 'నాకు ముందే వచ్చు.' మూడు మాటలు. గొంతు దాకా వచ్చాయి. బాలస్వామి సారు చాయ్ కప్పులోకి చూస్తున్నాడు. సింధూజ నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటోంది, సంతోషంగా. ఈదమ్మ ఖాళీ కప్పులు ఏరుకుంటూ లేచింది.

నల్లా దగ్గర చేతులు కడుక్కుంటూ భాగ్యలక్ష్మి అంది: "రాత్రిళ్ళు గూడ దిద్దిన అక్కా, రొట్టెల పెంకు పక్కన వెట్టుకొని. అయినా నీకొచ్చింది, నాకు రాలే. అంటే లోపం నాదే గదా."

"నీది కాదు."

"మరి ఎవలది?"

ఈదమ్మ నల్లా కట్టేసింది. నీళ్ళు ఆగినా చేత్తో ఇంకా తిప్పుతూనే ఉంది.

"చాయ్ తాగి పో" అంది.

"వద్దక్కా. ఆదివారం మా మరిదిని పంపుత. ఆయనకు సంతకం వస్తది." కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది.

మూడింటికి పిల్లల ప్రయాణం. ప్రతి ఏడూ లాగే ఈదమ్మ బస్టాండు దాకా వెళ్ళింది. తాను సాగనంపినవాళ్ళెవరూ తిరిగి రాలేదని తెలుసు; మొగుడు బొంబాయి బండి ఎక్కినప్పటి నుంచీ తెలుసు. అయినా బస్సు మలుపు తిరిగేదాకా నిలబడకపోతే ఆమెకు మనసు ఊరుకోదు. సింధూజ ఒక బస్సు మెట్టు మీద కాలు పెట్టబోయింది.

"అది కాదు బిడ్డా, అది పెబ్బేరుది. కొత్తకోట బస్సు ఎనకున్నది" అనేసింది ఈదమ్మ.

సింధూజ బోర్డు వైపు చూసింది, ఈదమ్మ వైపు చూసింది. బ్యాగు కింద పడేసి ఆమెను కౌగిలించుకుంది.

"అవ్వా, నువ్వు బోర్డు చదివినవ్. మా నాయనమ్మకు గూడ గిట్లనే నేర్పిస్త" అంటూ ఏడ్చింది.

ఆ పిల్ల భుజం మీద ఈదమ్మ తల ఎత్తకుండా ఉండిపోయింది. చెప్పాలనుకుంది. ముందు చెప్పవలసిన మనిషి ఈమె కాదనిపించింది.

బస్సు మలుపు తిరగగానే బస్టాండు పక్కన భాగ్యలక్ష్మి రొట్టెల పొయ్యి దగ్గరికి గబగబా నడిచింది. చెప్పేస్తుంది. ఐదేళ్ళుగా చేసింది అంతా చెప్పేస్తుంది. తిడితే పడుతుంది. ఆదివారం లోపు ఇంకా రెండు రాత్రులున్నాయి, పక్కన కూర్చుని తానే దిద్దిస్తుంది.

పొయ్యి రాళ్ళ మధ్య నీళ్ళు చల్లిన బూడిద. రొట్టెల పెంకు బోర్లించి ఉంది. పాన్ డబ్బా కురుమూర్తి తల బయటికి పెట్టి చెప్పాడు, గద్వాల పోయే జీపుల ఒక్క జాగ ఉంటే కట్టుబట్టలతో ఎక్కి పోయింది, ఇప్పుడే, అరగంట కాలేదని.

"ఎప్పుడొస్తదంట?"

"పూత అయిపోయినంక. దీపావళికో ఏమో. ఫోను గూడ మరిదికే ఇచ్చిపోయింది, హాస్టలోళ్ళు చేస్తరని."

అరగంట కింద తాను బస్టాండులోనే పిల్లల పక్కన నిలబడి ఉంది.

ఆఫీసుకు తిరిగి వచ్చింది. తడిగుడ్డ పిండుకుని చాప మీది పలకలు ఒక్కొక్కటే తుడిచింది. తన పేరు గుండ్రంగా, తప్పు లేకుండా ఉన్న పలకను రెండుసార్లు తుడిచింది. పదో పలక ఆరబెట్టి పదకొండోది ఒళ్ళోకి తీసుకుంది. కావాలంటే మిగతా అక్షరాలు తాను రాయగలదు. బలపం ముట్టుకోలేదు. గుడ్డ పక్కన పెట్టేసింది.

పలక మీద 'భాగ్య' ఉంది, వంకరగా. దాని పక్కన, తడిపి మళ్ళీ మళ్ళీ తుడిచిన చోట, బలపం తెలుపులో బొటనవేలి గీతలు ఆరిపోయి ఉన్నాయి.