సంపూర్ణ పాసయినందుకు

భారతమ్మ నోరు జారి మొక్కలేదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత పుత్తూరులో నోరుండే ప్రతి ఒక్కరూ "పాపం, ఏదో నవ్వులాటకి అనింది లే" అని సర్ది చెప్పను చూసినారు. నవ్వులాటా కాదు, నోరు జారనూ లేదు. శుక్రవారం మధ్యాహ్నం, వరండాలో చెనిక్కాయలు వొలుస్తా వొలుస్తా లేచి నిలబడి, నలుగురు ఆడోళ్లు చూస్తా ఉండంగా కొండ ఉండే దిక్కుకు తిరిగి రెండు చేతులూ ఎత్తి, "ఏడుకొండలవాడా, ఈ పిల్ల ఈసారన్నా పరీక్ష పాసయితే నా తలెంటికలు నీకిస్తా" అని వీధిలోకి వినబడేట్టు మొక్కుకునింది.

పిల్ల పేరు సంపూర్ణ. వారపత్రికలో వచ్చే సీరియల్లో పిల్ల.

సీరియలు పేరు 'పదో క్లాసు సంపూర్ణ'. ఎనిమిది నెలలుగా ఆ వీధి ఆడోళ్లకి శుక్రవారమంటే సంపూర్ణే. పత్రిక బస్సులో దిగినాదంటే చాలు, వంటలు ముగించుకొని అందరూ భారతమ్మ వరండాకు చేరేవాళ్లు. పెద్దకోడలు పంకజాక్షి గట్టిగా చదివేది. భారతమ్మకూ చదవను వచ్చు గానీ, పుస్తకం పట్టడం తప్పి ఏండ్లయిన ఆమె కూడబలుక్కొని చదివేసరికి నవ్వొచ్చే మాట కాస్తా చల్లారిపోతాది. అందుకని కోడలి చేత చదివించుకొని, బాగుండే చోట "మళ్లీ చదువు" అనేది. బాగుండని చోటు ఉండేది కాదు కాబట్టి ఒక్కో వారం చదివేసరికి పొద్దుగూకేది.

సంపూర్ణ కాఫీ హోటలాయన కూతురు. తెలుగులో డెబ్బై, లెక్కల్లో పదకొండు. రెండుసార్లు తప్పింది. తొట్టిని ఒక కొళాయి నింపతా ఉంటే ఇంకో కొళాయి ఖాళీ చేస్తా ఉంది, తొట్టి ఎప్పటికి నిండును అని పరీక్షలో అడిగితే, "అయ్యా, ముందు ఆ రెండో కొళాయి కట్టేయండి, మా ఊర్లో తాగను నీళ్లు లేవు" అని రాసొచ్చింది. ఆ వారం ఎదురింటి మునిరత్నమ్మ నవ్వి నవ్వి పొరబోయి, వీపు మీద నాలుగు గుద్దితే గానీ మనిషి కాలేదు. ఆ మరుసటి వారమే, సంపూర్ణ పక్కన బెంచీలో కూర్చున్న స్నేహితురాలు కాలేజీకని బస్సెక్కింది. ఈ పిల్ల ఎంగిలి గ్లాసులు చేతినిండా పట్టుకొని హోటలు గడపలో నిలబడింది. చెయ్యి ఊపల్లంటే గ్లాసులు కింద పెట్టల్ల గదా. పెట్టేలోపల బస్సు పోయింది. ఆ ముక్క ఎవురూ అడగకుండానే పంకజాక్షి రెండుసార్లు చదివింది. అందరూ కొంగులతో ముక్కులు తుడుచుకున్నారు.

అట్లాంటి పిల్ల మూడోసారి పరీక్షకు పోతా ఉంటే మొక్కకుండా ఎట్లుంటారు? ఎముకలు విరిగి కట్టు కట్టించుకోను పుత్తూరికి వచ్చి పక్క సత్రంలో పడుండే ఆడోళ్లు గూడా, చేతులకి వెదురు దబ్బలు కట్టుకొని వరండా కాడికొచ్చి, "అమ్మా, సంపూర్ణ ఏమైంది?" అని అడిగి పోతా ఉండ్రి.

మరుసటి శుక్రవారం సంపూర్ణ పాసయింది. లెక్కల్లో సరిగ్గా ముప్పై అయిదు. పంకజాక్షి ఆ అంకె చదివీ చదవకముందే మునిరత్నమ్మ ఈల వేసింది. ఆమెకు ఈల వచ్చునని ముప్పై ఏండ్లుగా ఎవురికీ తెలీదు. భారతమ్మ బొరుగుల్లో బెల్లం కలిపి వీధంతా పంచింది. ఆ మాపటికి, మొగుడు వరదయ్య చెనిక్కాయల మండీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటా ఉంటే చెప్పింది.

"వచ్చే శనివారం కొండకు పోవల్ల. తలెంటికలివ్వల్ల."

"ఎవురి మొక్కు?"

"సంపూర్ణది. పరీక్ష పాసయింది."

"ఏ సంపూర్ణ? నగరిలో మీ పెద్దమ్మ మనవరాలా? మొన్ననే గదా దానికి పేరు పెట్టిండేది, అప్పుడే పరీక్షా?"

పంకజాక్షి తలుపు చాటునుంచి విషయం చెప్పల్సి వచ్చింది. వరదయ్య చెంబు కింద పెట్టినాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే? రాసినోడు గుండు కొట్టించుకున్యాడా? ఆ పిల్ల నాయన కొట్టించుకున్యాడా? ఆ పిల్లకి నాయనే లేడు, కాగితం మీద పిల్ల! దానికోసరం నువ్వు గుండు కొట్టించుకుంటే ఊరు నవ్వదా?"

"నవ్వనీ. ఎనిమిది నెల్లుగా మేం నవ్వలేదా?"

ఆదివారం తిరుపతి నుంచి రెండో కొడుకు రామచంద్ర దిగినాడు. ఆఫీసులో గుమాస్తా పని, తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. చిత్తూరులో పిల్లను చూసి ఒప్పుకొని ఉన్నారు. వచ్చే ఆదివారం పోయి ముహూర్తం పెట్టుకోవల్ల. అంటే అమ్మ గుండు కొట్టించుకున్న మరుసటి రోజే.

"అమ్మా, వాళ్లు ఏమనుకుంటారు? తిక్క వంశం అనుకుంటారు. రాసినాయన తప్పిందని రాసుంటే ఏం చేద్దువు?"

"రాసుండచ్చు. రాయలేదే. స్వామి రాయనీలేదు."

రామచంద్ర తలకాయ పట్టుకున్యాడు.

మునిరత్నమ్మ మధ్యే మార్గం తెచ్చింది. "పోనీ అక్కా, మూడు కత్తెర్లిచ్చేయి. కొసాన మూడుసార్లు కత్తిరిస్తారు, మొక్కూ తీరుతాది, జడా ఉంటాది. ఎంతమంది ఇవ్వడంల్యా?"

"తలెంటికలని మొక్కినా, మూడు కత్తెర్లని మొక్కలేదు. కొండమీద ఉండేవాడు కోమటంగడి పెట్టుకోలేదు మునిరత్నా, బేరమాడను."

అంత మొండితనం ఎందుకో ఎవురికీ అర్థం కాలేదు. అడిగింది పంకజాక్షి ఒక్కతే. మధ్యాహ్నం చేటలో బియ్యం చెరగతా ఉంటే, "అత్తా, నిజంగా ఇంత పట్టుదల ఎందుకు?" అనింది. భారతమ్మ చేట ఆపలేదు.

"నాకు పద్నాలుగేండ్లు. ఎనిమిదో తరగతి పరీక్ష సోమవారం. పెండ్లి బుధవారం. ఆదివారం నలుగు పెట్టేసినారు. నలుగు పెట్టినాక పిల్ల గడప దాటకూడదంట. బడి మా ఇంటికి ఎదురుగానే. నేను కిటికీలో నిలబడి చూస్తా ఉంటే లోపల గంట కొట్టినారు. అందరూ రాసినారు. క్లాసులో నేనే మొదటిదాన్నే పంకజా. లెక్కల్లో నూటికి నూరు. నాకోసరం ఎవురూ ఒక టెంకాయ కూడా కొట్టలేదు."

పంకజాక్షి అత్త చేతిలో చేట తీసుకొని తనే చెరిగింది.

శుక్రవారం సీరియలు అయిపోయింది. ఆఖరి వారం. పాసయిన సంపూర్ణను వాళ్ల నాయన కాలేజీకి పంపలేదు. హోటల్లో గల్లాపెట్టె కాడ కూర్చోబెట్టినాడు. చిల్లర లెక్క తప్పకుండా ఇస్తా ఉందని ఊరంతా మెచ్చుకునింది. పంకజాక్షి అయిపోయిందని చెప్పి పుస్తకం మూస్తే, ఎవురూ లేవలేదు. ఇంకో పేజీ ఉంటాదేమో అని మునిరత్నమ్మ తీసుకొని తిప్పి చూసింది.

వరదయ్యకు ఈ కబురు తెలిసి మాపటికి సంబరంగా వచ్చినాడు. "సూస్తివా? పాసయి ఏం సాధించింది? హోటల్లో కూర్చునింది. ఇంక మొక్కెందుకు?"

"పాసయి ఆడ కూర్చునింది. నేను పాసు గాకుండా ఈడ కూర్చున్యా. రెండూ ఒకటి కాదు," అని భారతమ్మ లోపలికి పోయి బట్టలు సర్దుకునింది.

శనివారం కోడలితో కొండెక్కింది. కల్యాణకట్టలో తల తడిపి కత్తి పెట్టబోతా గుండు కొట్టే ఆయన అలవాటుగా అడిగినాడు, "ఎవురి మొక్కు తల్లీ?"

"మా పిల్ల పరీక్ష పాసయింది."

"మంచిది. గోవిందా అను."

గోవిందా అనింది. నడుము దాటిన జడ ఒళ్లో పడతా ఉంటే ఏడుపొచ్చింది, దాచుకోలేదు. తర్వాత గంధం పూసుకున్నాక తలకు చల్లగాలి తగిలి, అబ్బా, ఇంత హాయిగా ఉంటాదా అనిపించింది.

ఆదివారం చిత్తూరు బస్సులో రామచంద్ర అమ్మ పక్కన కూర్చొని పాఠం చెప్పినాడు. "వాళ్లు అడిగితే, నాయనకు కడుపునొప్పి తగ్గిందని మొక్కు అని చెప్పు."

ముందు సీట్లోంచి వరదయ్య తిరిగినాడు. "నాకు యాడుండాది కడుపునొప్పి? గుండు ఆమెది, రోగం నాకా?"

పిల్ల తండ్రి బాలసుబ్రమణ్యం ఇంట్లో మర్యాదలకేం తక్కువ లేదు. చాపలేసినారు, కాఫీలిచ్చినారు. పురోహితుడు పంచాంగం తెరిచినాడు. పిల్ల తల్లి దేవకమ్మ వియ్యపురాలి తలవైపు చూసి భక్తిగా అడిగింది.

"ఏం మొక్కు వదినా?"

రామచంద్ర దగ్గినాడు. "అది... నాయనకు కొంచెం..."

"సంపూర్ణ పదో క్లాసు పాసయింది. అందుకు," అనింది భారతమ్మ.

"సంపూర్ణ అంటే మీకు..."

"నాకేమీ కాదు. పత్రికలో కతలో పిల్ల."

బాలసుబ్రమణ్యం కాఫీ గ్లాసు నోటిదాకా పోయి ఆగింది. వరదయ్య పైకప్పు చూసినాడు. రామచంద్రకు భూమి చీలితే బాగుండుననిపించింది. అంతలో లోపలి గదిలోంచి కేకేసినట్టు ఒక గొంతు.

"పాసయిందా! నిజంగానా?"

పెండ్లికూతురు వకుళ, పిలవకముందే నడిమింట్లోకి వచ్చేసింది. తలలో పూలు ఒక పక్క జారి ఉండాయి. "మాకు ఆ వారం నుంచి పుస్తకం రాలేదు. పక్కింటోళ్లు మద్రాసుకు పోతా సంచిలో పెట్టుకొని పోయినారు, ఇంకా తిరిగి రాలేదు. రెండు వారాలుగా నాకు నిద్రల్యా. లెక్కల్లో ఎన్ని?"

"ముప్పై అయిదు."

"అయ్యో నా తల్లే!" అని పిల్ల చేతులు చరిచింది. "ఈసారి కొళాయి లెక్క వచ్చిందా?"

"వచ్చింది. రెండు కొళాయిలూ కట్టేసి, తొట్టి కడిగి, ఆ తర్వాత లెక్క చేసింది."

ఇద్దరూ పకపకా నవ్వినారు. దేవకమ్మ కూతురి మోచేయి గిల్లింది. పురోహితుడు, ఇంక మంచి సమయం దాటిపోతాదని గొంతు సవరించుకొని, మార్చి పన్నెండు దివ్యంగా ఉండాదని చెప్పినాడు. పెద్దోళ్లందరూ తలలాడించినారు. వకుళ నవ్వు ఆగిపోయింది. ఆ ఆగిపోవడం భారతమ్మ చూసింది. ఆ ముఖం ఆమెకు బాగా తెలుసు. కిటికీలో నిలబడిన ముఖం.

"ఏం చదవతా ఉండావే నువ్వు?"

"ఇంటర్ రెండో సంవత్సరం. పరీక్షలు మార్చి పద్దెనిమిది నుంచి."

"దానికేముంది లేమ్మా," అన్యాడు బాలసుబ్రమణ్యం. "అప్పటికి పెండ్లయిపోయుంటాది. ఇంక పరీక్షలెందుకు?"

"ముహూర్తం మార్చండి సామీ," అనింది భారతమ్మ. "పరీక్షలయినాక పెట్టండి."

పురోహితుడు వరదయ్యవైపు చూసినాడు. రామచంద్ర, "అమ్మా, నాకు లీవు..." అని మొదలుపెట్టినాడు. వరదయ్య పండ్లు కొరికి, "నువ్వు గమ్మునుండు" అన్యాడు.

భారతమ్మ లేచి నిలబడింది. "ముప్పై ఏడేండ్లు గమ్మునుండాను. ఇంక నావల్ల గాదు. అన్నా, బాలసుబ్రమణ్యమన్నా, మీరూ వినండి. పరీక్ష ముందర పెండ్లి పెడితే పెండ్లికొడుకు తల్లి లేకుండా చేసుకోండి. ఊరికే బెదిరిస్తా ఉండానని అనుకోవద్దండి. కాగితం మీది పిల్ల కోసరం గుండు కొట్టించుకున్నదాన్ని. నెత్తురూ మాంసం ఉండే పిల్ల కోసరం ఏం చేస్తానో మీరే ఆలోచించుకోండి."

అందరి చూపూ ఆమె తలమీదే ఉండాది. గంధం ఎండి పెళ్లలు రాలతా ఉండాది. ముప్పై ఏడేండ్లుగా ఆమెతో వాదించి గెలిచిన వరదయ్యకు, ఇది ఆ వాదనల్లో ఒకటి కాదని అర్థమయింది.

"వైశాఖంలో చూడు సామీ," అన్యాడు పురోహితుడితో. "అప్పటికి ఈమెకు జుట్టన్నా మొలుస్తాది."

దేవకమ్మ ముందుగా నవ్వింది. బాలసుబ్రమణ్యం నవ్వల్లో వద్దో తెలీక గ్లాసు ఖాళీ చేసినాడు. పురోహితుడు పేజీలు తిప్పి మే నెలలో పదకొండు బాగుండాదన్యాడు. రామచంద్ర పెన్ను తీసి ఆ తేదీ రాసుకున్యాడు, లీవు మాట మళ్లీ ఎత్తలేదు.

పోయొస్తామని లేచినప్పుడు వకుళ భారతమ్మ కాళ్లకు మొక్కి, ఎవురికీ వినపడకుండా చెవిలో చెప్పింది.

"అత్తా, నాకూ లెక్కలంటేనే భయం. నాకోసరం గూడా మొక్కుకో అత్తా."

భారతమ్మ తన గుండు రెండు చేతులతో తడుముకునింది.

"మొక్కను ఇంక నాకాడ ఏముండాదే? పోయి చదువుకో."