తాళం వేసిన పాట

ఆదివారం మధ్యాహ్నం వీధి నాట్యం మధ్యలో మా డిస్కు నత్తినత్తిగా కొట్టుకుంది. మరుక్షణం ఓ సీసా వచ్చి మా తమ్ముడు నికనోర్ నుదుటి మీద పగిలింది. విసిరినవాడు ఎవేలియో. వాడికీ మావాడిలాగే వీధిలో పాటలు మోగించే పికో ఉంది, బీరువాలంత స్పీకర్లతో. కార్నివాల్‌కు పై పేటవాళ్లు పిలిచేది ఒక్క పికోనే, అదీ ఇంకెవడి దగ్గరా లేని పాట ఉన్నవాడినే. మావాడు ఆ డిస్కులోని పాట మీదే ప్రాణం పెట్టుకున్నాడు.

మర్నాడు తలకు కట్టుతోనే ఆ డిస్కు కొన్న దుకాణానికి వెళ్లాడు. వెనకే నేను.

“డిస్కు మార్చండి, లియోన్సియోగారూ. మా పికో కంప్యూటర్లో మోగట్లేదు.”

“కత్తితో గీకి నువ్వే పాడుచేశావు. పోవయ్యా!”

గీకక చస్తామా? పాట పేరు పక్కవాడి కంట పడకూడదని మా ఊరు బరంకియాలో పికోవాళ్లంతా గీకుతారు. కాపీ తీయకుండా డిస్కుల కంపెనీ తాళం వేసిందనీ, కంప్యూటర్లో మోగదనీ ఆ పేరు కిందే రాసి ఉందట. చదవకుండానే గీకేశాడు, మా వాడి తెలివి తెల్లారినట్టే ఉంది!

“అయితే కొత్తది పెట్టి చూపించండి.”

“ఏ పాటో చెప్పు మరి.”

గుమ్మంలో ఎవేలియో ఇకిలించాడు. “చెప్పరా, సిగ్గెందుకు?”

నికనోర్ వాడి మీద పడ్డాడు. ఇద్దరూ అద్దాల అల్మరా మీద కూలారు. ఎవేలియో చెవి తెగింది. వాడి చొక్కాలోంచి ఓ డిస్కు జారింది. దాని మీదా పేరు గీకేసి ఉంది.

“నీదీ మోగట్లేదట్రా, దొంగ సచ్చినోడా?” అన్నాను. వాడు నెత్తురు ఉమ్మి తలూపాడు.

ఇంక దాచి లాభం లేదని నికనోర్ అరిచాడు. “నాది ‘నల్లకోడి’! విన్నావా?”

ఎవేలియో మొహం పాలిపోయింది. “నాదీ అదేరా. నీకొక్కడికే అమ్ముతున్నానన్నాడు ఈ ముసలోడు!”

“నాకూ అదే చెప్పాడు!”

అందరికీ అదే పాట అమ్మాడని తెలిసి సాయంత్రానికి ఊళ్లో పికోలన్నీ ఆ దుకాణం ముందు మోహరించాయి. తాళం వేసిన ఆ డిస్కుల నత్తినే అన్నింట్లోనూ గొంతు పూర్తిగా పెంచి వదిలారు. అద్దాలు భళ్లుమన్నాయి. అడ్డమొచ్చిన కంపెనీ మనిషి పళ్లు రాలాయి. లియోన్సియో చెవులు మూసుకుని “తీసుకుంటా, అన్నీ వెనక్కి తీసుకుంటా!” అని ఏడ్చాడు. వారం తిరక్కుండా కంపెనీ తాళం లేని డిస్కులు పంపింది.

గెలిచాం. పాట మాత్రం అందరిదీ అయిపోయింది. పై పేటవాళ్లు వేరే ఊరి పికోను పిలిచారు.

కార్నివాల్ రోజు నికనోర్ తలుపు దగ్గరికి వేసుకుని ‘నల్లకోడి’ని సన్నగా పెట్టుకున్నాడు. ఎక్కడా తడబడలేదది. చెవికి కట్టుతో ఎవేలియో వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. నేను పొమ్మనలేదు.