కంచరివాని రెండవ గుండు

హేమంతము ప్రవేశించి పట్టుమని పదిదినములైనను కాలేదు. ఎఱ్ఱమల కొండలయందలి కనుమదారి తుషారబిందుసిక్త తృణసంకులమై బాలభాస్కర కిరణస్పర్శచే తళతళ మెఱయుచు తంగేడుపూల పసిమితోను తామ్రవర్ణ శిలల యెఱ్ఱదనముతోను కన్నులకు పండువు చేయుచుండెను. అట్టి రమణీయ ప్రభాతమున కంచుపాత్రలు నింపిన యొంటెద్దుబండి యొకటి ఆ దారివెంట మెల్లమెల్లగా నెక్కుచుండెను. బండి తోలుచున్నవాడు సిద్ధలింగాచారి యను కంచరి. వెనుక గడ్డిపఱపుమీద పాత్రల నడుమ కూర్చున్నది యతని యిల్లాలు ఓబుళమ్మ.

ఘంటలు పోతపోయుటయం దాసీమలో సిద్ధలింగాచారికి సాటి లేడని వాడుక. అయినను ముప్పదియేండ్లు సమ్మెటపోటుల నడుమ బ్రతికిన యా శిల్పికి చెవులు రెండును ఏనాడో మూతపడినవి. ఘంట పలుకు మంచిదగునో కాదో యతడు చెవితోగాక యంచున వ్రేలికొన లానించి యదురునుబట్టి తెలిసికొనుచుండెను. ఎదుటివారి మాటను పెదవుల కదలికనుబట్టి గ్రహించుచుండెను. ఈ గుట్టు ఎఱిగినది ఓబుళమ్మ యొక్కతెయే. చెవిటివాడు పోసిన ఘంటను ఏ దేవాలయమువారు కొందురు? వెఱ్ఱి బిడియమని మనము నవ్వవచ్చును గాని ఆ బిడియముచేతనే యతని కొలిమి యాఱక మండుచుండెను.

కనుమ మలుపున మద్దిలేటి యను దొంగ గండ్రగొడ్డలి పూని పొదచాటునుండి బండిమీది కుఱికెను. ఓబుళమ్మ కుత్తుకపై గొడ్డలి యానించి యామె మెడలోని బంగారుపేరు తెంచి యొక కంచుచెంబులో వైచి చెంబును గుడ్డతో మూటగట్టికొని పల్లమునకు పరుగిడెను. భార్య కుత్తుకపై గొడ్డలి యున్నంతసేపు కదలనేరక కొయ్యబాఱిన సిద్ధలింగాచారి యంతట గడ్డిక్రిందినుండి తన లైసెన్సు తుపాకిని వెలికిదీసి గురిపెట్టెను. పాఱుచున్నవాడు వెనుదిరిగి చూచెను. వానికి పైప్రాణములు పైననే పోయెను. మూటను ప్రక్కబండపై విసరివైచి యఱచెను.

"పారేసినా సామీ! నీ సొమ్ము పారేసినా! కాల్చొద్దు!"

చెంబు గుడ్డనుండి జాఱి బండపై పడి మ్రోగిన మ్రోతకు కొండలన్నియు మాఱుమ్రోగెను. ఆ మ్రోత సోకనిది యొక్కని చెవులనే. మూట పడుటను తంగేడుపొదలును, వాని పెదవుల కదలికను దూరమును మఱుగుపఱచెను. తుపాకి ప్రేలెను. తొడకు గుండు తగిలి మద్దిలేటి కూలెను.

వాడు లేచి మఱల పాఱునేమో యని సిద్ధలింగాచారి తుపాకినోట మందు కూరి రెండవ గుండు దిగవిడిచి చక్కగా రొమ్మునకు గురిచూచెను. ఇంతలో ఓబుళమ్మ బండి దుమికి పరుగున బోయి చెంబు తెచ్చి భర్త కన్నుల యెదుట నెత్తిపట్టెను.

"సొమ్ము చిక్కె. సాలు. ఇంక కాలిస్తే మనమే హంతకులమయితాం."

అతడు చెంబును చూచెను. నేల దొరలుచున్నవానిని చూచెను. తుపాకి దించి గుండు దులిపివైచి తలపాగ విప్పి వాని తొడకు కట్టుగట్టెను. పిదప వానిని తన బండిలోనే పరుండబెట్టి పట్టణమునకు గొనిపోయి ఠాణాలో నప్పగించెను.

ఇంతటితో కథ ముగిసియుండవలసినదే. కాని కనుమలో కట్టెలేఱుచున్న యిద్దఱు స్త్రీలు ముందుగా కంచు మ్రోగినదనియు పిమ్మట తుపాకి ప్రేలినదనియు వాఙ్మూల మొసగిరి. దొంగకు శిక్ష పడుట యటుండగా దొంగను పట్టియిచ్చినవానిపై హత్యాయత్న నేరము మోపబడెను. ఊరివారు ముక్కున వేలు వైచికొనిరి. సిద్ధలింగాచారి మాత్రము చెఱసాలకైన పోవుదును గాని చెవిటివాడనని యెవ్వరితోను చెప్పనని భీష్మించెను. గుట్టెఱుగని యతని వకీలు తుపాకియే ముందు ప్రేలెనని చెప్పుమని ఓబుళమ్మకు ముమ్మాఱు బోధించి పంపెను.

విచారణదినమున సర్కారు వకీలు లేచి యిట్లు వాదించెను. "కుత్తుకపై గొడ్డలి యున్నపు డితడు దొంగను చంపినను చట్ట మితని నేమియు ననదు. సొమ్ముగొని పాఱునపుడు కాల్చినను సైరించును. సొమ్ము నేలబడిన పిమ్మట కాల్చుట రక్షణ గాదు, పగ."

ఓబుళమ్మ బోనెక్కెను. "ముందర చెంబే మోగె సామీ. ఆ యెనక తుపాకి పేలె."

ముద్దాయి వకీలు తల పట్టుకొనెను. న్యాయాధిపతి కలము నిలిపి యడిగెను. "అట్లయిన ఆ మ్రోత వినియు నీ పెనిమిటి యేల కాల్చెను?"

సిద్ధలింగాచారి భార్యవంక చూచి చెప్పవలదని తల యడ్డముగా నాడించెను. ఆమె కొంగుతో కన్నులొత్తుకొనెను.

"ఆయనకు ఇనపడదు సామీ. పదేండ్లాయె. రెండో గుండు పెట్టినాక నేను చెంబు చూపిస్తేనే తెలిసి తుపాకి దించె. పని పోతాదని యెవురికీ చెప్పుకోలే. ఇప్పుడు మనిషే పోతాడని చెప్తాండా."

శిక్ష తప్పించుకొనుటకై కల్పించిన చెవుడని సర్కారు వకీలు పకపక నవ్వెను. న్యాయాధిపతి నవ్వలేదు. సాక్ష్యమునకై తెచ్చిన యా కంచుచెంబును బంట్రోతున కిచ్చి కనుసన్న చేసెను. బంట్రోతు ముద్దాయి వీపువెనుక నిలిచి చెంబును కఱ్ఱతో బలముకొలది మోదెను. సభ యెల్ల నులికిపడెను. గుమాస్తా చేతి సిరాబుడ్డి తొలకెను. సిద్ధలింగాచారి ఱెప్పయైన వేయక దిగులుగా భార్యనే చూచుచుండెను. సర్కారు వకీలు నవ్వు మాని కూర్చుండెను.

కొంతసేపటికి తీర్పు వెలువడెను. "సొమ్ము చిక్కిన క్షణమున సొమ్ము గలవాని తుపాకి కధికారము తీఱును. అది చట్టము గీచిన గీత. కాని సొమ్ము చిక్కినదని యెఱుగనివాడు గీత దాటెననుట న్యాయము గాదు. మొదటి గుండు కాల్చునపు డితని కెఱుక లేదు. రెండవ గుండు సిద్ధమైనపు డెఱుక కలిగెను. కలిగినంతనే తుపాకి దిగెను. కాలని యా గుండే కాలిన గుండునకు సాక్ష్యము. ముద్దాయి నిర్దోషి."

హర్షధ్వానములచే న్యాయశాల దద్దఱిల్లెను. ఓబుళమ్మ గుండెలలోని బరువెల్ల నొక్కమాఱుగా దిగిపోగా నేల చతికిలబడి వెక్కివెక్కి యేడ్చెను. ఇక ఘంటలు కొనువారు కొందురో మానుదురో యను చింత రేపటిది. ఆనాటికి మగడు దక్కెను. అది చాలును.

అందఱును విన్న యా తీర్పు వినవలసినవానికి మాత్రము వినరాలేదు. న్యాయాధిపతి కాగితమువైపు వంగి చదువుటచే పెదవులును కానరాలేదు. భార్య కన్నీరు చూచి శిక్షయే పడినదని సిద్ధలింగాచారి నిశ్చయించుకొనెను. నిట్టూర్చి రెండు చేతులును జోడించి సంకెళ్లకై జవానుముందు చాచెను. జవాను నవ్వుచు ఆ చేతులను మెల్లగా దించి బోను తలుపు తెఱచి ప్రక్కకు తొలగెను.